కొండకి ఇవ్వాల్సిన మట్టి

జనవరి 17, 2023

వాన. నేల నిండా నీళ్లు.

నా భార్య మార్గిట్ ఆదివారం పోయింది.

జనవరి 18

వాన.

జనవరి 21

తుంపర. గాలి లేదు.

ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ పుస్తకాలు కట్టలుగా ఇచ్చేవాళ్లు. వానలో తడిసినా అక్షరం చెదరదు. పైన వాతావరణం రాయాలి, దాని కింద నేల తీరు. గరాజ్‌లో ఇంకా కొన్ని మిగిలాయి. ఒకటి తెచ్చుకున్నాను. రాయడానికి వేరే కారణం ఏమీ లేదు.

ఈ రోజు బళ్లెక్కే ఫెర్రీలో నీళ్లు దాటి దక్షిణానికి వెళ్లాను. మార్గిట్‌ని ఉంచిన చోటు బయటి నుంచి చూస్తే గోడౌన్‌లా ఉంది. లోపల శుభ్రంగా, కోసిన గడ్డి వాసన వేస్తూ ఉంది. మారిబెల్ అనే ఆవిడ ఎదురొచ్చింది. అక్కడ అన్నీ చూసుకునేది ఆవిడే. పొడవాటి తెల్లటి పెట్టె. అడుగున రంపపు పొట్టు, ఎండుగడ్డి, పశువులకి వేసే అల్ఫాల్ఫా. వాటి మీద మార్గిట్, నూలు దుప్పటిలో.

ఏదో ఒకటి అడగాలి కదా. "తడి ఎంత ఉంచుతారు?" అన్నాను.

"పిండితే చుక్క రాలీ రాలనట్టు," అంది మారిబెల్. "మీరు రైతా?"

"కాదు, రోడ్లు."

"రోడ్లా?"

"రోడ్డు వెయ్యబోయే చోట నేల పరీక్ష చేసేవాణ్ణి. కౌంటీ రోడ్ల శాఖలో."

"అయితే మట్టి గురించి మీకు మేం చెప్పేదేముంది!"

తలూపాను. నిజానికి నేను జీవితమంతా చేసింది మట్టిని తీయించెయ్యడమే. నల్లమట్టి మీద రోడ్డు నిలవదు. కుళ్లే పదార్థం ఏ కొంచెం ఉన్నా కుంగుతుంది. అందుకని గట్టి నేల తగిలేదాకా గీకించి, లారీల్లో పంపించేసేవాళ్లం. నా పుస్తకాలన్నింట్లోనూ ఒకటే వాక్యం: పైమట్టి, తీసెయ్యాలి.

ఇంటివాళ్లు గడ్డి కప్పుతారు ఇక్కడ. "మొహం మీద మేం వేస్తాం లెండి, చాలామంది మాకే వదిలేస్తారు," అంది మారిబెల్.

"నేనే వేస్తాను," అన్నాను.

వేశాను.

జనవరి 29

ఎండ. ఉదయం నేల గట్టిగా ఉంది.

మార్గిట్ చెల్లెలు సోల్వెయ్ మిన్నెసోటా నుంచి ఫోన్ చేసింది.

"ఇక్కడ అమ్మా నాన్నల పక్కన దానికి చోటు ఉంచాం. తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి దాన్ని ఏం చేశావు?"

"తను అడిగింది చేశాను."

"దాన్ని ఏమంటారో అదైనా చెప్పు. మా చర్చిలో అందరూ అడుగుతున్నారు. ఏమని చెప్పను?"

"దక్షిణాన ఉంది అని చెప్పు."

"దక్షిణాన ఏముంది? ఫ్లోరిడా వెళ్లిందా?"

నాకు నవ్వొచ్చింది. తనకీ వచ్చింది. తర్వాత ఏడ్చింది. నేను ఫోన్ పట్టుకునే ఉన్నాను.

ఫిబ్రవరి 9

మబ్బు. నేల తడి.

పాస్టర్ ఫోన్ చేశాడు. చర్చి పత్రికలో రెండు వాక్యాలు వెయ్యాలట. "ఖననం అని వెయ్యనా ఆర్విడ్, దహనం అని వెయ్యనా?"

రెండూ కాదన్నాను.

"మరి దాన్నేమంటారు?"

ఆ మాట నాకు తెలుసు. నోట్లోంచి రాలేదు. మరణించింది అని వెయ్యండి, చాలు అన్నాను.

మార్గిట్ ఉండగా, ఆ మాట మీద మా వంటింట్లో ఒక సాయంత్రమంతా వాదన నడిచింది. డాలియా పూల క్లబ్బు వాళ్లు మా బల్ల దగ్గర కూర్చుని దుంపలు విడదీస్తున్నారు. రాష్ట్ర రాజధాని ఒలింపియాలో, పోయిన మనిషిని మట్టిగా మార్చొచ్చన్న చట్టం పాసయి అప్పటికి చాలా రోజులైంది. చట్టంలో ఉన్న పేరు పరీక్షలో ప్రశ్నలా ఉంటుంది: సహజ సేంద్రియ క్షయం, అలాంటిదేదో. పేపర్లవాళ్లు మనుషుల కంపోస్ట్ అని రాశారు. అది చదివి సగం మంది ముక్కు మూసుకున్నారు. సియాటిల్‌లో మొదలుపెట్టినవాళ్లు మళ్లీ కూర్చడం అనే అర్థం వచ్చే మాట వాడారు. తర్వాత ఇంకా దక్షిణాన ఇంకో సంస్థ వాళ్లు కొత్త మాట ఒకటి పుట్టించారు. టెర్రమేషన్.

క్లబ్బు అధ్యక్షురాలు నెట్టీ, మాకు రోడ్డవతలే ఉంటుంది. "నాకు కంపోస్ట్ చాలమ్మా," అంది. "పెరట్లో ఇన్నేళ్లుగా చేస్తున్నా. ఇప్పుడు నేను దాంట్లోకి వెళ్తుంటే దానికి ఇంకో పేరెందుకు?"

మార్గిట్ హైస్కూల్లో లాటిన్ చెప్పి రిటైరైంది. అలాంటి అవకాశం దొరికితే వదులుతుందా? "కంపోస్ట్ కూడా లాటినే. కలిపి పెట్టినది అని అర్థం."

"చూశారా, తెలీకుండానే లాటిన్ మాట్లాడేస్తున్నా," అంది నెట్టీ.

మార్గిట్ కత్తి పక్కన పెట్టింది. ఇక పాఠం ఖాయం. "టెర్రా అంటే నేల. బాగుంది. తోక మాత్రం దహనం నుంచి తెచ్చారు. క్రిమేషన్‌లాగే వినపడితే అంత్యక్రియలు చేసేవాళ్లు భయపడరని. కానీ ఆ 'మ' ఉంది చూడండి, అది కాల్చడం అనే మాటలోది. నేల పక్కన దానికేం పని?"

"అంటే తప్పు మాటా?" అన్నాను.

"పుట్టుకలో కొంచెం తప్పు. ఎవరో తొందరలో నిప్పులోంచి ఒక అక్షరం లాగి మట్టికి అతికించారు."

"అయితే వాడకు."

"ఎందుకు వాడను? మాటలన్నీ అలాగే పుడతాయి. వాడేవాళ్లుంటే ఒప్పవుతాయి."

"గునపాలు అమ్మే కంపెనీ పేరులా ఉంది," అన్నాను నేను. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. నా బూట్ల వయసు కూడా లేదు ఆ మాటకి.

అప్పుడే చెప్పింది, అందరి ముందూ, దుంప తుడుస్తూ. "ఆర్విడ్, విను. ఒక బకెట్ నా పూలకి. మిగతాదంతా కొండకి."

కొండ అంటే తూర్పున, చెట్లన్నీ నరికేసి వదిలేసిన వాలు. ఇప్పుడు అక్కడ మళ్లీ మొక్కలు నాటుతున్నారు. ఇలాంటి మట్టిని వద్దనకుండా తీసుకుంటారు. కౌంటీ ఉద్యోగానికి ముందు, అక్కడికి కలప లారీల రోడ్డు వేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

"నువ్వు గీకి పారేసింది నేను తిరిగిస్తా," అంది.

ఫిబ్రవరి 20

వాన. దక్షిణం వైపు పని పడింది. టైర్లు చూపించాలి. పనిలో పనిగా అక్కడా ఆగాను.

ఇంటివాళ్లు పెట్టెల మీద ఏవేవో అంటిస్తారు. పిల్లల బొమ్మలు, ఫొటోలు, ఫుట్‌బాల్ టీం జెండా. మార్గిట్ పెట్టె మీద ఏమీ లేదు. కుర్చీ ఇచ్చారు. కూర్చున్నాను.

ఫిబ్రవరి 28

దక్షిణం వైపు పని.

మార్చి 8

దక్షిణం వైపు పని.

మార్చి 9

నెట్టీ అడిగింది: "అన్ని టైర్లున్నాయా నీ బండికి?"

మార్చి 27

ఎండ, చలి.

మారిబెల్ ఫోన్ చేసింది. ఇంకొన్నాళ్లు ఆరబెడితే అయిపోయినట్టేనట. "ఎంత ఇంటికి తీసుకెళ్తారు, ఎంత కొండకి పంపమంటారు?"

ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించడానికేమీ లేదు. తను చెప్పే వెళ్లింది.

ఏప్రిల్ 11

గాలి. నేల ఆరుతోంది.

అంతా తెచ్చుకున్నాను.

మారిబెల్ రెండుసార్లు అడిగింది. "అంతానా? పికప్ వెనక నిండిపోతుందండీ."

"నిండనివ్వండి."

"ఆవిడ కొండకన్నారని చెప్పారు మీరు."

"పైన దారి బురదగా ఉందట. వేసవిలో నేనే తీసుకెళ్తాను."

దారి బురదగా ఉందని నాకెవరూ చెప్పలేదు. ఏప్రిల్‌లో ఎలాగూ ఉంటుంది.

నల్లటి మట్టి. చేత్తో నొక్కితే ముద్దవుతుంది, వేలితో తాకితే విడిపోతుంది. నాకు తెలిసిన ఏ పరీక్షలోనూ ఇది పాసవదు. దీని మీద రోడ్డు వెయ్యలేం.

ఫెర్రీ మీద గాలికి టార్పాలిన్ ఒక పక్క లేచింది. బళ్లు సర్దే మనిషి వచ్చి తాడు బిగించడానికి సాయం పట్టాడు. నారింజ రంగు కోటు, పెద్ద మీసాలు. కోటు మీద డెస్మండ్ అని పేరుంది.

"అబ్బ, ఏం నలుపు! ఏంటి గురువుగారూ ఇది?"

"తోట మట్టి."

"ఎక్కడ దొరికింది? మా ఆవిడ మంచి మట్టి తెమ్మని నా ప్రాణం తోడేస్తోంది."

"దూరం."

"దూరమైతే ఓ పార ఇక్కడ పోసి పొండి, మా ఇంట్లో శాంతి ఉంటుంది!"

తనే నవ్వాడు. నేను బండెక్కి అద్దం పైకెత్తుకున్నాను. అవతలి ఒడ్డు వచ్చేదాకా స్టీరింగ్ వదల్లేదు.

ఏప్రిల్ 30

ఎండ. టార్పాలిన్ మీద రాళ్లు పెట్టాను. కొండకి వచ్చే వారం.

మే 8

కొండకి వచ్చే వారం.

మే 14

మబ్బు. నేల వెచ్చబడింది. నాటే రోజు.

నెట్టీ చేతి తొడుగులతో వచ్చింది. మార్గిట్ దుంపల్లో నాలుగింటికి ఒకటే చీటీ: ఏడు. తను విత్తనం నుంచి పెంచిన కొత్త రకం. లోపల ఇటుక రంగు, అంచుల్లో మీగడ రంగు. క్లబ్బు నియమం ప్రకారం కొత్త మొక్క వరసగా మూడేళ్లు ప్రదర్శనలో అదే రంగు, అదే ఆకారం చూపించాలి. అప్పటిదాకా నంబరే. ఆ తర్వాతే పేరు. ఏడు రెండేళ్లు చూపించింది. ఈ సెప్టెంబరుది మూడోది. తప్పితే మళ్లీ మొదటి నుంచి.

"పేరేమనుకుందో నీకేమైనా చెప్పిందా?" అంది నెట్టీ.

"లేదు."

"నాకూ చెప్పలేదు. పూసినప్పుడు చెప్తా అనేది."

నేను చెక్కలు బిగించి మడి కట్టాను. నెట్టీ ఒక గుప్పెడు మట్టి తీసి వాసన చూసింది. "ఎక్కడిది ఇది?"

"కొన్నాను."

"ఎక్కడ?"

"దక్షిణాన."

"వాసన బాగుంది. కానీ పల్చగా వెయ్యి ఆర్విడ్. డాలియా ఒట్టి ఆశపోతు. తిండి దొరికితే చాలు, ఆకులేసుకుంటూ కూర్చుంటుంది. పూయాలన్న సంగతే మర్చిపోతుంది."

సరే అన్నాను. ఒక బకెట్ కలిపాం.

తను వెళ్లాక మిగతాది కూడా వేశాను. టార్పాలిన్ కింద ఉంటే వానకి సారం పోతుంది. ఎక్కడో ఒకచోట వెయ్యాలి కదా. ఇది తాత్కాలికమే.

మే 15

తనకి ఇక్కడ బాగుంటుంది. వంటింటి కిటికీలోంచి కనపడుతుంది.

జూన్ 12

ఎండ. మొలకలొచ్చాయి. నాలుగూ.

జూన్ 25

మోకాలి ఎత్తు. ముదురు ఆకుపచ్చ. వీధిలో ఎవరి డాలియా కూడా ఇలా లేదు. కాఫీ తెచ్చుకుని మడి పక్కనే తాగుతున్నాను. సోల్వెయ్‌కి ఫొటో పంపాను. ఇవేంటి అని అడిగింది. మీ అక్క పూలు అని రాశాను.

జులై 13

ఎండ. పొడి గాలి.

నడుం దాటాయి. కాండం నా బొటనవేలంత ఉంది. మొగ్గ లేదు. ఇంకా టైముంది.

జులై 22

నెట్టీ ఇంటి ముందు ఇసక నేల. ఏదీ సరిగ్గా పెరగదు. ఆవిడ డాలియాలు పూస్తున్నాయి.

జులై 30

నెట్టీ మడి చుట్టూ తిరిగింది. ఒక ఆకు పట్టుకుని తిప్పి చూసింది.

"ఇది డాలియానా, క్యాబేజీనా?"

"టైముంది."

"ఏం టైము? ఇప్పటికి మొగ్గ పట్టాలి. ఆ మట్టి అమ్మినవాడెవడు? వాడి నంబరివ్వు. నేను మాట్లాడతా."

"దుకాణం మూసేశారు."

"మూస్తారు మరి, ఇలాంటి సరుకు అమ్మితే."

ఆ వెంటనే లోపలికొచ్చేశాను. గిన్నెలు కడిగాను. కడిగినవే.

ఆగస్టు 6

ఎండ.

మొగ్గ లేదు.

ఆగస్టు 7

మొగ్గ లేదు.

ఆగస్టు 13

ఎండ. ఆకులు నా భుజం దాకా ఉన్నాయి.

ఉదయం చప్పుడు విని బయటికెళ్లాను. నెట్టీ పార, చక్రాల బండి తెచ్చుకుని మడి మొదట్లో దిగింది. నన్ను అడగలేదు.

"ప్రదర్శనకి ఇంకా కాస్త టైముంది. ఈ పైదంతా తీసేసి, వేళ్ల చుట్టూ ఇసక వేద్దాం. దానికి కాస్త ఆకలి వెయ్యాలి. ఆకలేస్తే భయపడి పూస్తుంది."

"ఆగు."

"ఆగితే మార్గిట్ పువ్వు పోతుంది, ఇంజినీరుగారూ. తర్వాత నన్నంటావు." రెండు పారలు బండిలో పడ్డాయి. "దీన్ని రోడ్డు పక్క కాలువలో పోసొస్తా."

"పొయ్యకు."

"ఎందుకు? బంగారమా?"

"అది మార్గిట్."

నెట్టీ పార అలాగే పట్టుకుని నిలబడింది. బండిలోకి చూసింది. తర్వాత మడి చెక్క మీద మెల్లగా కూర్చుంది. తొడుగులు తీసేసింది. తీసిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్లో పెట్టుకుంది.

"అంతానా?"

"అంతా."

"ఒక బకెట్ అంది కదా. నేనూ విన్నాను. దుంప తుడుస్తూ అంది."

"అవును."

"మిగతాది కొండకంది."

"అవును."

నెట్టీ మళ్లీ బండిలోకి చూసింది. తర్వాత నవ్వింది. కళ్లలో నీళ్లున్నాయి. "మార్గిట్టే. నిలువెత్తు మార్గిట్టే. ఒక ప్రశ్న అడిగితే గంట పాఠం చెప్పేది. పాపం, ఈ పిల్లకి ఊపిరాడనివ్వలేదు."

"తను కాదు. నేను."

నెట్టీ లేచింది. బండిలో ఉన్నది చేత్తో తీసి, కొంచెం కొంచెంగా, మళ్లీ మడిలో పెట్టింది. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగింది.

"దుకాణం వాడి నంబరివ్వమని అడిగితే మూసేశారన్నావు. సిగ్గుండాలి."

ఆగస్టు 14

నెట్టీ చెప్పినట్టు నిన్న ఉదయమే తీసి ఉండాల్సింది. తీస్తాను.

ఆగస్టు 20

తీస్తాను.

సెప్టెంబరు 2

చల్లగాలి.

ప్రదర్శన. క్లబ్బు హాల్లో బల్లల మీద వరసగా సీసాలు. ఒక్కో దాంట్లో ఒక్కో పువ్వు. కొత్త రకాల బల్ల మీద, చివర, ఒక సీసాలో నీళ్లు పోసి పెట్టింది నెట్టీ. ముందు కార్డు మీద ఏడు అని రాసుంది. పువ్వు లేదు.

తీసెయ్యమన్నాను. తియ్యలేదు.

పరీక్షించేవాళ్లు వరసగా చూసుకుంటూ వచ్చి దాని ముందు ఆగారు. ఏమీ రాసుకోలేదు. ఒకాయన నా చెయ్యి పట్టుకుని ఊపాడు. చాలా మంచి రంగు, గుర్తుంది అన్నాడు.

సెప్టెంబరు 3

తను పేరు చెప్పి ఉంటే బాగుండేది అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. చెప్పింది వినడమే నాకు చేతకాలేదు. చెప్పనిది తెలుసుకుని ఏం చేస్తాను?

అక్టోబరు 1

వాన మొదలు.

పైది చాలావరకు తీసి పక్కన కుప్ప పోశాను. గీకడం నాకు తెలిసిన పని. వేళ్ల చుట్టూ ఇసక వేశాను. ఇప్పుడు వేసి లాభం లేదని నెట్టీ అంది. తెలుసన్నాను. అయినా తనే రెండు బస్తాలు తెచ్చిచ్చింది.

అక్టోబరు 19

తుంపర. ఒక కొమ్మ చివర మొగ్గ. గోలీ అంత. నెట్టీని పిలిచాను. ఇద్దరం చూశాం.

అక్టోబరు 27

ఉదయం గడ్డి మీద తెల్లగా మంచు. ఆకులన్నీ నల్లబడి వేలాడుతున్నాయి.

మొగ్గ కోసి వంటింటి బల్ల మీద పెట్టుకుని వేళ్లతో విప్పాను. లోపల రేకులన్నీ మడతలు పడి ఉన్నాయి. ఇటుక రంగు. అంచుల్లో మీగడ రంగు.

అక్టోబరు 29

చలి.

దుంపలు తవ్వాం. పెద్దవి. చాలావరకు మెత్తబడ్డాయి. తిండెక్కువైనవి ఇలాగే కుళ్లుతాయంది నెట్టీ. ఒక్కోదాన్నీ నొక్కి చూసి, గట్టిగా ఉన్నవాటిని పొట్టులో పెట్టాం. కొన్ని ఉన్నాయి. చీటీ మీద ఏమని రాయను అని అడిగింది.

"ఏడు."

నవంబరు 6

ఎండ. గాలి.

నెట్టీ, నేను మట్టి పికప్‌లోకి ఎక్కించాం. మడికి ఒక బకెట్ ఉంచాను. నెట్టీ చూస్తూ నిలబడింది, రెండోది నింపుతానేమోనని. నింపలేదు.

మారిబెల్‌కి ఫోన్ చేశాను. కొండ దగ్గర ఎవరిని కలవాలో చెప్పింది. "దారి బురద తగ్గిందా?" అంది. తగ్గిందన్నాను. వానలు మొదలై నెల దాటింది.

పాస్టర్‌కి ఫోన్ చేశాను. ఫిబ్రవరిలో అడిగినదానికి జవాబు అని చెప్పి ఆ మాట చెప్పాను. ఒక్కో అక్షరం పలకమన్నాడు. పలికాను. "మ" దగ్గర కాస్త ఆగాను.

నవంబరు 7

మబ్బు, పొడి.

ఉదయం ఫెర్రీ. అదే మనిషి, డెస్మండ్. చేతిలో కాగితం కప్పుతో కాఫీ. టార్పాలిన్ చూశాడు.

"మళ్లీ మట్టేనా గురువుగారూ? అప్పుడు అటు, ఇప్పుడు ఇటు. తోట నచ్చలేదా?"

"తోట మట్టి కాదు. అప్పుడు అబద్ధం చెప్పాను."

"మరేంటి?"

"నా భార్య. టెర్రమేషన్ అంటారు."

పలకడం అంత కష్టంగా ఏమీ లేదు. మామూలు మాటలాగే ఉంది.

అతను టోపీ తీశాడు. మళ్లీ ఏం చెయ్యాలో తెలీక పెట్టుకున్నాడు. "దేవుడా. నేను ఆవిడలోంచి ఓ పార అడిగాను."

"అడిగారు."

"క్షమించండి. నాకు తెలీదు."

"ఇవ్వాల్సింది. తనుంటే ఇచ్చేది. పంచమనే చెప్పింది." తన గురించి ఇంతసేపు ఎవరితోనూ మాట్లాడి చాలా రోజులైంది. "మీ ఆవిడకి ఇంకా కావాలా?"

నా మొహంలోకి చూశాడు, వేళాకోళం కాదు కదా అని. తర్వాత రెండు గుక్కల్లో కాఫీ తాగేసి, కప్పు కోటుతో శుభ్రంగా తుడిచి రెండు చేతులతో పట్టుకున్నాడు. టార్పాలిన్ మూల ఎత్తి నింపాను.

"ఇంట్లో ఏమని చెప్పను?"

"పల్చగా వెయ్యమని చెప్పండి."

"పేరు?"

"మార్గిట్."

నవంబరు 7, మధ్యాహ్నం

కొండ. వాలు మీద గాలి. మా పాత కలప రోడ్డు ఇంకా ఉంది. గడ్డి మొలవలేదు. గట్టిగా, సరిగ్గా వేశాం అప్పట్లో.

ఇక్కడివాళ్లు ఎక్కడ పొయ్యాలో చూపించి పక్కకి వెళ్లారు. పార నాదే. రోడ్డు పక్క నుంచి మొదలుపెట్టి, చిన్న మొక్కల మధ్య, పల్చగా.

నేల తీరు: నల్లమట్టి. పైమట్టి. తియ్యనక్కర్లేదు.